మాచర్లలో మారియో ఎందుకు నెమ్మదిగా గెంతాడు?

ఆట ఒకటే. లోపల రాసి ఉన్న అంకెల్లో ఒక్కటీ తేడా లేదు. అయినా 1990లలో పల్నాడులోని మాచర్లలోనో గురజాలలోనో టీవీ ముందు కూర్చుని పిల్లలు ఆడిన సూపర్ మారియో, అదే కాలంలో టోక్యో పిల్లలు ఆడినదానికంటే ఆరో వంతు నెమ్మదిగా నడిచింది. మారియో పరుగు నెమ్మది, గెంతు నెమ్మది, వెనక వినిపించే పాట కూడా నెమ్మదే. ఆడుతున్నవాళ్లకు ఈ సంగతి తెలిసే దారి లేదు. పోల్చి చూడాలంటే రెండు టీవీలూ ఒకేచోట ఉండాలి.

దీనికి లో-ఓల్టేజీ కారణం కాదు. పెట్టెలో లోపమూ లేదు. కరెంటు సెకనుకు ఎన్నిసార్లు దిశ మార్చుకుంటుందన్న లెక్క, దాన్ని చూసి పెట్టుకున్న టీవీ ప్రమాణం, తైవాన్‌లో తయారైన ఒక చిప్పు కలిసి ఈ పని చేశాయి. ఆ మూడూ మారియో కాళ్లకు ఎలా అడ్డం పడ్డాయో తెలియాలంటే ముందు ఆ ఆట లోపల ఏముందో చూడాలి. 40 ఏళ్లు దాటినా ఇంజనీర్లు విప్పి చదువుకుంటున్న నిర్మాణం అది.

పెట్టె, క్యాసెట్

జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ 1983 జులై 15న ఫ్యామికామ్ అనే ఆటల పెట్టెను అక్కడి మార్కెట్లోకి తెచ్చింది. అదే తర్వాత అమెరికా, యూరప్‌లలో ఎన్‌ఈఎస్ పేరుతో అమ్ముడైంది. ఆ పెట్టె కోసం 1985 సెప్టెంబరు 13న సూపర్ మారియో బ్రదర్స్ విడుదలైంది. షిగెరు మియామోతో, తకాషి తెజుకా ఆటను రూపొందించారు. కోజి కోందో సంగీతం సమకూర్చాడు. తోషిహికో నకాగో బృందం ప్రోగ్రాం రాసింది. 8 లోకాలు, లోకానికి 4 అంకాలు, మొత్తం 32. ఎడమ నుంచి కుడికి పరిగెత్తాలి, గోతులు దాటాలి, ఎదురొచ్చినవాటి నెత్తిన గెంతాలి, చివర జెండా కర్ర పట్టుకోవాలి. ప్రపంచవ్యాప్తంగా ఈ ఆట 4 కోట్లకు పైగా, పెట్టె 6 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

ఆ కోట్లలో పల్నాడు వాటా దాదాపు లేనట్టే. ఇక్కడికి వచ్చినవి నింటెండో పెట్టెలు కావు, వాటి నకళ్లు. లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ వంటి రకరకాల పేర్లతో దేశమంతా అమ్మిన ఆ పెట్టెలను జనం 'వీడియో గేమ్' అనో 'టీవీ గేమ్' అనో పిలిచారు. అందులో గుచ్చే ప్లాస్టిక్ ముక్క 'క్యాసెట్'. టేపు లేకపోయినా పేరు మాత్రం అదే స్థిరపడింది. టీవీ వెనక యాంటెన్నా తీగ పీకి, అదే రంధ్రంలో గేమ్ వైరు పెట్టి, బొమ్మ తేటపడేదాకా ఛానెల్ తిప్పితే ఆట సిద్ధం. ఇంట్లో పెట్టె లేని పిల్లలు చిల్లర పోగేసి, గంట లెక్కన ఆడించే షాపులకు వెళ్లేవాళ్లు.

నకలు పెట్టెలకు నింటెండో అనుమతి లేదు. ఆటల కాపీలకూ లేదు. కానీ ఆంధ్ర దేశంలో ఒక తరం మొదటిసారి కంప్యూటర్‌ను వేళ్లతో ఆడించింది ఆ పెట్టెల మీదే. కీబోర్డు చూడకముందే ఆ పిల్లల బొటనవేళ్లు ఒక 8-బిట్ ప్రాసెసర్‌కు ఆజ్ఞలిచ్చాయి.

పట్టీ కదిలే పద్ధతి

మాచర్ల దాటి విజయపురి సౌత్ చేరి, అక్కడ లాంచీ ఎక్కితే నాగార్జునకొండ మ్యూజియం వస్తుంది. ఇక్ష్వాకుల కాలపు రాతి పట్టీలు అక్కడ ఉన్నాయి. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల శిల్పులు పొడవాటి దూలం మీద కథను ఘట్టాలుగా చెక్కి, ఘట్టానికీ ఘట్టానికీ మధ్య ఒక జంటను నిలబెట్టారు. చూసే మనిషి పక్కకు నడుస్తుంటే కథ సాగుతుంది. సూపర్ మారియోలోనూ కథ పక్కకే సాగుతుంది. కాకపోతే ఇక్కడ మనిషి కూర్చునే ఉంటాడు, పట్టీయే జరుగుతుంది.

ఆ జరగడమే ఆనాటి యంత్రానికి పెద్ద సమస్య. తెర అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 240. అంటే 61,440 చుక్కలు. సెకనుకు 60 సార్లు తెర మొత్తం మళ్లీ గీయాలంటే 36 లక్షలకు పైగా చుక్కలు పెట్టాలి. పెట్టెలోని ప్రాసెసర్ సెకనుకు కొట్టుకునే టిక్కులే 17.9 లక్షలు. ఒక్కో చుక్కకు అర టిక్కు కూడా దక్కదు. ఒక కూడిక చేయడానికే రెండు మూడు టిక్కులు పడతాయి. కాబట్టి ప్రాసెసర్ కూర్చుని బొమ్మ గీయడమన్నది జరగని పని.

అందుకే గీసే పనిని ఇంజనీర్లు మరో చిప్పుకు అప్పగించారు. అది తెరను చుక్కలుగా చూడదు, పలకలుగా చూస్తుంది. ఒక్కో పలక 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు. అడ్డంగా 32, నిలువుగా 30, మొత్తం 960 పలకలు. ఏ స్థానంలో ఏ నంబరు పలక ఉండాలో చెప్పడానికి 960 బైట్లు, ఎక్కడ ఏ రంగులు వాడాలో చెప్పడానికి మరో 64 బైట్లు. కలిపితే ఒక తెరకు సరిగ్గా 1,024 బైట్లు, అంటే ఒక కిలోబైటు. బొమ్మల చిప్పుకు ఉన్న జ్ఞాపకం రెండు కిలోబైట్లు. అందులో పక్కపక్కన రెండు తెరలు పడతాయి.

ఆ రెండు తెరల వెడల్పులో ఎక్కడి నుంచి చూపించడం మొదలుపెట్టాలో చెప్పే ఒక అంకె ఉంటుంది. ఆ అంకెను 1 పెంచితే దృశ్యమంతా ఒక చుక్క ఎడమకు జరుగుతుంది. 960 పలకలనూ కదపనక్కర్లేదు, ఒక్క అంకె మారిస్తే చాలు. ఈలోగా ప్రాసెసర్ తెరకు కుడివైపు, ఇంకా కంటికి కనిపించని చోట రాబోయే గొట్టాన్నీ ఇటుకలనూ నిలువు వరుసలుగా పేర్చి పెడుతుంది. రెండో తెర అయిపోగానే మళ్లీ మొదటి తెర స్థానంలో కొత్త వరుసలు రాస్తుంది. ప్రోగ్రాం ముందుకే పరుస్తుంది, వెనక్కి పరిచే ఏర్పాటు అందులో లేదు. దాటి వచ్చిన నాణెం కోసం మారియో వెనక్కి వెళ్లబోతే తెర ఎడమ అంచు గోడలా అడ్డుకోవడానికి కారణం ఇదే.

మరి దృశ్యమంతా జరుగుతుంటే పైన ఉన్న స్కోరు, నాణేల లెక్క, టైము ఎందుకు జరగవు? ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. టీవీ బొమ్మ పై నుంచి కిందికి గీత గీతగా పడుతుంది. స్కోరు పట్టీలో కనిపించే నాణెం బొమ్మ అడుగున కదిలే బొమ్మ ముక్క ఒకటి దాచిపెట్టారు. గీతలు గీస్తూ వచ్చిన చిప్పు ఆ ముక్కను తాకగానే ఒక గుర్తు ఎగరేస్తుంది. ప్రాసెసర్ ఆ గుర్తు కోసమే కాచుకుని ఉండి, కనిపించగానే జరుగుడు అంకెను మార్చేస్తుంది. పై పట్టీ సున్నా దగ్గర నిలిచిపోతుంది, కింది లోకం మాత్రం పరిగెత్తుతుంది. ఇది ప్రతి ఫ్రేములోనూ, అంటే తెరను మళ్లీ గీసిన ప్రతిసారీ జరుగుతుంది.

కదిలే బొమ్మలకు మరో నియమం ఉంది. తెర మొత్తం మీద అలాంటి ముక్కలు 64కు మించకూడదు, ఒకే అడ్డగీత మీద 8కి మించకూడదు. చిన్న మారియోకే 4 ముక్కలు కావాలి, పుట్టగొడుగు తిని పెద్దవాడైతే 8. ఒకే ఎత్తులో శత్రువులు గుంపుగా వచ్చినప్పుడు తొమ్మిదో ముక్క నుంచి కనబడవు. మాయమయ్యే ముక్క ఎప్పుడూ ఒకటే కాకుండా ప్రోగ్రాం వాటి వరుసను మారుస్తూ ఉంటుంది. ఆటలో అప్పుడప్పుడూ బొమ్మలు మినుకుమినుకుమనేది అందుకే.

40 కిలోబైట్ల పొదుపు

ఈ ఆట మొత్తం 40,960 బైట్లు. ఇవాళ ఫోనుతో తీసిన ఒక ఫొటోకు ఇంతకంటే ఎన్నో రెట్ల జాగా కావాలి. ఇందులో 32 కిలోబైట్లలో ప్రోగ్రాం, 32 అంకాల పటాలు, సంగీతం. మిగిలిన 8 కిలోబైట్లలో బొమ్మలు. 8 కిలోబైట్లంటే 512 పలకలు. నేల, ఇటుక, మబ్బు, గొట్టం, కోట, మారియో, శత్రువులు, అంకెలు, అక్షరాలు అన్నీ ఆ 512లోనే సర్దుకోవాలి.

సర్దుబాటు ఎంత నేర్పుగా చేశారో చెప్పడానికి ఆకాశంలో మబ్బు చాలు. మారియో ఆటలో తెల్లటి మబ్బు, నేల మీది ఆకుపచ్చ పొద ఒకే పలకలు. రంగు ఒక్కటే తేడా. 'గూంబా' అనే గోధుమరంగు శత్రువు అటూ ఇటూ ఊగుతూ నడుస్తుంది కదా, దానికి ఉన్నది ఒకే నడక బొమ్మ. ఆ బొమ్మనే ఒకసారి మామూలుగా, ఒకసారి కుడిఎడమలు తిప్పి చూపిస్తారు. జాగా నిండుకున్న దశలో, ఆట తయారీ చివర్లో చేర్చిన శత్రువు అది. మారియో రూపం కూడా పొదుపు నుంచే వచ్చింది. 1981లో డాంకీ కాంగ్ ఆట కోసం ఆ పాత్రను గీసినప్పుడు, అన్ని తక్కువ చుక్కల్లో జుట్టు గాలికి కదలడం చూపించలేక టోపీ పెట్టానని, నోరు గీయలేక మీసం పెట్టానని, చేతుల ఊపు కనబడడానికి ఓవరాల్ తొడిగానని మియామోతో వివరించాడు.

పటాల లెక్క ఇంకా ఆసక్తికరం. మొదటి అంకం పొడవు 13 తెరలకు పైగా ఉంటుంది. ఒక్కో తెరను యథాతథంగా దాచుకుంటే 13 కిలోబైట్లు దానికే పోతాయి. 32 అంకాలకు వందల కిలోబైట్లు కావాలి. అందుకని బొమ్మను దాచకుండా సూచనను దాచారు. 'ఈ అడ్డు, ఈ ఎత్తు దగ్గర, ఇంత పొడవు గొట్టం' అన్న సూచనకు రెండు బైట్లు సరిపోతాయి. ఆట నడుస్తుండగా ప్రాసెసర్ ఆ సూచన చదివి అప్పటికప్పుడు గొట్టాన్ని కట్టుకుంటుంది. ఇలా రాస్తే మొదటి అంకం మొత్తం వంద బైట్ల చుట్టుపక్కల ముగిసిపోతుంది. కొన్ని అంకాలను రెండోసారి వాడుకున్నారు కూడా. 1-3వ అంకమే, అంటే 1వ లోకంలోని 3వదే 5-3లో, 1-4 కోటే 6-4లో మరింత కష్టంగా తిరిగి వస్తుంది.

ఆ వంద బైట్లలోనే ఆట నేర్పే పాఠం కూడా ఉంది. ఎక్కడా ఒక్క సూచన వాక్యం ఉండదు. మారియో తెర ఎడమవైపు నిలబడి ఉంటాడు, కుడివైపు ఖాళీ, కాబట్టి కుడికే వెళ్తాం. గూంబా ఎదురొస్తుంది. తగిలితే ప్రాణం పోతుంది, గెంతితే అది నలుగుతుంది. ప్రశ్న గుర్తున్న పెట్టెను గుద్దితే పుట్టగొడుగు వస్తుంది. గూంబాను చూసి భయపడ్డ పిల్లవాడు దీన్నీ తప్పించుకోవాలనుకుంటాడు. కానీ పుట్టగొడుగు కుడికి జారి, గొట్టాన్ని గుద్దుకుని వెనక్కి వస్తుంది. గెంతబోతే నెత్తిన ఇటుకలు. తప్పించుకోవడం కష్టం, తగిలిందా మారియో పెద్దవాడవుతాడు. ఇంగ్లీషు ముక్క రాని పల్లెటూరి పిల్లలు కూడా ఎవరూ చెప్పకుండానే ఈ ఆట నేర్చుకోగలిగారంటే ఆ అమరికే కారణం.

గెంతులో గణితం

ఈ ఆటను మిగతావాటి నుంచి వేరుచేసింది గెంతు. ఎ బొత్తాం తడితే చిన్న గెంతు, నొక్కి పట్టుకుంటే పెద్ద గెంతు. బొటనవేలి బిగువు తెర మీద ఎత్తుగా మారుతుంది. దీని వెనక ఉన్నది హైస్కూలు భౌతికశాస్త్రంలోని చలన సమీకరణమే.

నిలబడి గెంతినప్పుడు మారియో తొలి వేగం ఫ్రేముకు 4 చుక్కలు. బొత్తాం నొక్కి పట్టుకున్నంతసేపు గురుత్వాకర్షణ ప్రతి ఫ్రేములోనూ ఆ వేగంలో 8వ వంతు చుక్కను తగ్గిస్తుంది. గరిష్ఠ ఎత్తు కావాలంటే వేగాన్ని వర్గం చేసి, గురుత్వానికి రెట్టింపుతో భాగించాలి. 16ను పావుతో భాగిస్తే 64 చుక్కలు. ఒక ఇటుక ఎత్తు 16 చుక్కలు. అంటే మారియో గెంతు సరిగ్గా 4 ఇటుకలు. పూర్తి వేగంతో పరిగెత్తి గెంతితే తొలి వేగం 5 చుక్కలు, గురుత్వం 32లో 5 వంతులు. లెక్క కడితే 80 చుక్కలు, సరిగ్గా 5 ఇటుకలు. అంకాల్లోని ఎత్తులూ గోతులూ ఈ అంకెలను చూసుకునే పెట్టారు.

బొత్తాం వదిలేస్తే ఏమవుతుంది? గురుత్వాకర్షణ ఒక్కసారిగా మూడున్నర రెట్లవుతుంది. 8వ వంతు కాస్తా 16లో 7 వంతులవుతుంది. తట్టి వదిలేసిన గెంతు 18 చుక్కల దగ్గరే ఆగిపోతుంది, ఇటుక కంటే కాస్త ఎక్కువ. శిఖరం చేరి దిగేటప్పుడు కూడా ఈ పెద్ద గురుత్వమే పనిచేస్తుంది. అందుకే పైకి వెళ్లడానికి 32 ఫ్రేములు పడితే కిందికి రావడానికి 21 ఫ్రేములే పడతాయి. దిగే వేగం ఫ్రేముకు 4 చుక్కలు దాటకుండా ఒక హద్దు కూడా పెట్టారు. వాన చినుకుకు గాలి నిరోధం వల్ల చరమవేగం ఉన్నట్టే మారియోకూ ఒకటుంది.

పెద్ద మారియో ఎత్తు 32 చుక్కలు. అతను 1.6 మీటర్ల మనిషి అనుకుంటే ఒక చుక్క 5 సెంటీమీటర్లు. ఆ లెక్కన నిలుచున్నచోటి నుంచి 3.2 మీటర్లు ఎగురుతున్నాడు. ఎగిరేటప్పుడు అతని మీద పనిచేసే గురుత్వం భూమి మీద ఉన్నదానికి రెట్టింపు కంటే ఎక్కువ, దిగేటప్పుడు దాదాపు 8 రెట్లు. నిజ ప్రపంచంలో ఇలాంటి గెంతు లేదు. వేలికి మాత్రం ఇదే సహజంగా అనిపిస్తుంది. పైన కాసేపు తేలినట్టుండి గురి చూసుకునే వ్యవధి ఇస్తుంది, చూసుకున్నాక ఆలస్యం చేయకుండా దించేస్తుంది. న్యూటన్ నియమాల్లోని రూపాన్ని తీసుకుని, అంకెలను మాత్రం ఆడే మనిషి చేతికి తగ్గట్టు మార్చుకున్నారు.

50కీ 60కీ మధ్య

ఈ లెక్కల్లో వేగం సెకనుకు ఇన్ని చుక్కలని లేదు, ఫ్రేముకు ఇన్ని చుక్కలని ఉంది. మాచర్లలో మారియో నెమ్మదించడానికి మూలం ఇక్కడుంది.

నాగార్జునసాగర్ కుడి కాలువ మీది జలవిద్యుత్ కేంద్రంలో 30 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. అక్కడి నుంచి వచ్చినా, మరే కేంద్రం నుంచి వచ్చినా మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. అమెరికాలో 60. టీవీ పుట్టిన రోజుల్లో కరెంటు లయకు భిన్నంగా బొమ్మను నడిపితే తెర మీద పట్టీలు తేలేవి. ఆ బెడద లేకుండా అమెరికా తన టీవీని సెకనుకు 60 సార్లు, యూరప్ తన టీవీని 50 సార్లు తెరను నింపేలా స్థిరపరచుకున్నాయి. భారతదేశం యూరప్ బాటలో 625 గీతల పాల్ పద్ధతిని ఎంచుకుంది. జపాన్ కథ వేరు. టోక్యోతో సహా దేశపు తూర్పు భాగంలో కరెంటు 50 ఆవర్తనాలదే అయినా, టీవీ విషయంలో ఆ దేశం అమెరికా పద్ధతినే తీసుకుంది. కాబట్టి ఫ్యామికామ్ సెకనుకు 60 ఫ్రేములకు పుట్టిన పెట్టె.

యూరప్‌లో అమ్మేటప్పుడు నింటెండో ఈ తేడాను గమనించి, అక్కడి సూపర్ మారియోలో వేగాల అంకెలను పెంచి రాసింది. నకలు క్యాసెట్లు తయారుచేసినవాళ్లు మాత్రం 60 ఫ్రేములకు రాసిన ఆటనే యథాతథంగా అచ్చుగుద్దారు. ఆ ఆట 50 ఫ్రేముల టీవీ మీద చెడకుండా నడవాలి కదా? ఆ పని తైవాన్‌కు చెందిన యూఎంసీ కంపెనీ చిప్పులు చేశాయి. అసలు పెట్టె ఒక ఫ్రేముకు 262 గీతలు లెక్కపెడితే, పాల్ టీవీల కోసం చేసిన ఈ నకలు చిప్పు 312 గీతలు లెక్కపెట్టింది. అదనంగా వచ్చిన 50 గీతలసేపు బొమ్మ దిగువన ఏ పనీ లేకుండా గడిపింది. ప్రాసెసర్ వేగాన్ని 17.7 లక్షల టిక్కుల దగ్గర, అసలుకు దాదాపు సమానంగా ఉంచారు. ఆటలోని సూక్ష్మమైన కాలగణనలు చెడిపోలేదు. ఫ్రేములు మాత్రం 60కి బదులు 50 వచ్చాయి.

ఫలితం లెక్కతో చూడవచ్చు. 64 చుక్కలు ఎగిరి దిగడానికి 53 ఫ్రేములు. టోక్యోలో అది 0.88 సెకను, మాచర్లలో 1.06 సెకన్లు. పూర్తి పరుగు ఫ్రేముకు రెండున్నర చుక్కలు. అక్కడ సెకనుకు 150 చుక్కలు, ఇక్కడ 125. ఆటలోని గడియారం ప్రతి 24 ఫ్రేములకు ఒక అంకె తగ్గుతుంది. 400 నుంచి సున్నాకు రావడానికి అక్కడ 2 నిమిషాల 40 సెకన్లు, ఇక్కడ 3 నిమిషాల 12 సెకన్లు.

పాట సంగతి ఇంకా బాగుంటుంది. స్వరాల ఎత్తును నిర్ణయించేది ప్రాసెసర్ టిక్కుల వేగం, అది ఒక శాతమే తగ్గింది. చెవికి ఆ తేడా పట్టుబడదు. స్వరం తర్వాత స్వరం ఎప్పుడు రావాలో నిర్ణయించేది ఫ్రేములు, అవి ఆరో వంతు తగ్గాయి. కోజి కోందో కూర్చిన పాట మన ఇళ్లలో శ్రుతి తప్పకుండా, లయ మాత్రం తగ్గి వినిపించింది.

ఇందులో పల్నాడు పిల్లలకు ఒక లాభం కూడా ఉంది. కంటికి కనబడింది మెదడుకు చేరి, వేలు కదలడానికి మనిషికి దాదాపు పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో టోక్యోలో 15 ఫ్రేములు గడిచిపోతే ఇక్కడ 12 లేదా 13 గడిచేవి. శత్రువు అంత తక్కువ దూరం కదిలేది. గురి చూసుకోవడానికి ఐదో వంతు ఎక్కువ వ్యవధి దొరికేది.

ఊదడం, '9999 ఆటలు', కరెంటు కోత

క్యాసెట్ ఆడకపోతే తీసి, అడుగున నోటితో ఊది మళ్లీ గుచ్చడం అప్పట్లో అందరికీ తెలిసిన వైద్యం. చాలాసార్లు పనిచేసేది కూడా. ఫ్యామికామ్ తరహా క్యాసెట్ అడుగున 60 లోహపు కాళ్లుంటాయి. వాటిలో ఒక్కటి సరిగా తాకకపోయినా ప్రాసెసర్‌కు తప్పు అంకెలు చేరి తెర నిండా చెత్త కనిపిస్తుంది. తీసి మళ్లీ గుచ్చినప్పుడు ఆ లోహాలు రాసుకుని, పైనున్న పలుచని తుప్పు పొర చెరిగిపోయేది. మేలు చేసింది ఆ రాపిడి, ఊపిరి కాదు. ఊపిరిలోని తేమ కాలక్రమంలో ఆ కాళ్లకే చెరుపు చేసేది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవడం సరైన పద్ధతి.

క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని అచ్చువేసి ఉండేది. లోపల ఉన్నవి కొన్ని ఆటలే. జాబితాలో వేరే పేరు ఎంచుకుంటే అదే ఆట వేరే అంకం నుంచి మొదలయ్యేది, లేదా చిన్న మార్పుతో వచ్చేది. ఆ జాబితాల్లో సూపర్ మారియో తరచూ కనిపించడానికి దాని ప్రఖ్యాతితోపాటు సాంకేతిక కారణం కూడా ఉంది. ఆ ప్రాసెసర్ ఏ అదనపు సాయం లేకుండా ఒక్కసారిగా చూడగలిగిన ప్రోగ్రాం పరిమాణం 32 కిలోబైట్లు. సూపర్ మారియో ఆ హద్దులో పూర్తిగా ఒదిగిపోయింది. తర్వాతి కాలపు పెద్ద ఆటలకు క్యాసెట్‌లో అదనపు చిప్పులు కావాలి, ఈ ఆటకు అక్కర్లేదు. నకలు చేయడం చవక.

కరెంటు పోతే మాత్రం చేయగలిగింది లేదు. మారియో ఎక్కడున్నాడు, ఎన్ని ప్రాణాలున్నాయి అన్న వివరాలన్నీ ప్రాసెసర్ దగ్గరున్న 2 కిలోబైట్ల జ్ఞాపకంలో ఉండేవి. విద్యుత్ ఉన్నంతవరకే ఆ జ్ఞాపకం నిలుస్తుంది. ఆటను దాచుకునే ఏర్పాటు క్యాసెట్‌లో లేదు. వేసవి మధ్యాహ్నం 8వ లోకం దాకా చేరిన ఆటగాడు కోత ముగిశాక మళ్లీ 1-1 నుంచి మొదలుపెట్టాల్సిందే.

హైదరాబాదులో హనుమంతుడు

ఆడిన తెలుగువాళ్లు తయారుచేయడానికి ఎంతో కాలం పట్టలేదు. 2009లో ప్లేస్టేషన్ 2 మీద 'హనుమాన్: బాయ్ వారియర్' విడుదలైంది. హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ దాన్ని రూపొందించింది, సోనీ ప్రచురించింది. ఇంటి టీవీకి తగిలించే ఆటల పెట్టె కోసం పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి ఆటగా దానికి పేరుంది. ఎగరడం, గెంతడం తెలిసిన నాయకుడి కోసం మనవాళ్లు ఎక్కువ దూరం వెతకనక్కర్లేకపోయింది. దేవుణ్ని బొత్తాలతో ఆడించడమేమిటని విదేశాల్లోని కొందరు హిందూ ప్రతినిధులు అభ్యంతరం చెప్పడంతో ఆట వార్తల్లోనూ నిలిచింది. అదే ఏడాది హైదరాబాదుకే చెందిన గేమ్‌శాస్త్ర సంస్థ కబడ్డీ, కర్రాబిళ్ళ, గాలిపటాల వంటి మన ఆటలతో 'దేశీ అడ్డా' తెచ్చింది.

ప్లేస్టేషన్ 2 వాడే డీవీడీలో 4.7 గిగాబైట్లు పడతాయి. సూపర్ మారియోకు దక్కిన జాగాకు అది లక్ష రెట్లకు పైమాటే. అంత జాగా ఉన్నంత మాత్రాన గెంతు బాగుండదు. 1985 నాటి ఆ 40 కిలోబైట్లను ఇప్పటికీ విప్పి చదివేది అందుకే. ప్రోగ్రామర్లు ఆ ఆటలోని ప్రతి ఆజ్ఞనూ విడదీసి, ఏ పంక్తి ఏ పని చేస్తుందో వ్యాఖ్యానం రాసి పెట్టారు. గెంతు అంకెలు, గడియారం అంకెలు అందులోనే కనబడతాయి.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాకు నరసరావుపేట కేంద్రం. కాకినాడ జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల సహా పలు సాంకేతిక కళాశాలలు ఆ ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉన్నాయి. అక్కడి విద్యార్థులు మొదటి ఆట తయారుచేయాలనుకున్నప్పుడు పెద్ద త్రీడీ లోకాల జోలికి పోకుండా, 40 కిలోబైట్ల హద్దు పెట్టుకుని పక్కకు నడిచే ఒక చిన్న ఆట రాసి చూడాలి. ఏది ముఖ్యమో, ఏది వదిలేయాలో ఆ హద్దే నేర్పుతుంది.

హైస్కూలు భౌతికశాస్త్రం మాస్టార్లకూ టీచర్లకూ ఒక విన్నపం. చలన సమీకరణాలు చెప్పే రోజున రాయి పైకి విసిరే ఉదాహరణతోపాటు మారియో గెంతును కూడా బోర్డు మీదికి తీసుకురండి. వేగం 4తో మొదలుపెట్టించండి. ప్రతి ఫ్రేముకు ఎనిమిదో వంతు తగ్గించమనండి, మిగిలిన వేగాన్ని ఎత్తుకు కలుపుతూ పొమ్మనండి. వేగం సున్నా అయ్యే ఫ్రేము 32వది అని, అప్పటికి ఎత్తు 64 చుక్కలకు దగ్గరగా వచ్చిందని పిల్లలు తమంతట తామే కనిపెడతారు. తర్వాత ఆ ఫ్రేములను ఒకసారి 60తో, ఒకసారి 50తో భాగించమంటే తమ అమ్మానాన్నలు ఆడిన ఆట ఎంత నెమ్మదో కూడా వాళ్లే చెబుతారు. దీనికి కంప్యూటర్ ల్యాబు అక్కర్లేదు. ఒక గ్రాఫు కాగితం, పెన్సిలు, ఒక పీరియడు చాలు.